తలలూపే తరగతి, ప్రశ్నలడిగే తరగతి

(లాల్‌దర్వాజాలో జరిగిన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం హైస్కూలు మాస్టర్ని. రోజంతా ఉర్దూలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి తీసుకొచ్చి తెలుగులో ప్రసంగించమంటే కొంచెం జంకుగానే ఉన్నది. అయితే మన సభ్యులలో మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు వైపుల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నవనీ, వాళ్ళ ఇండ్లలో తెలుగే చదువుతారనీ, సంచికలో కూడా తెలుగులోనే అచ్చు వేయదలచినామనీ కార్యదర్శిగారు సెలవిచ్చారు. కాబట్టి నా తెలుగులో ఉర్దూ దొర్లితే పెద్ద మనసుతో సర్దుకోవలసిందని ముందే మనవి చేసుకొంటున్నాను. లాల్‌దర్వాజాలో పెరిగినవాడికి తెలుగు ఎట్లాగూ బడికంటె ముందు గల్లీలోనే వస్తుంది. వ్యాకరణం మాత్రం గల్లీలో దొరకదు.

నాకిచ్చిన అంశం "హైస్కూలు విద్యార్థులకు చదువులో నిజమైన ఆసక్తి కలిగించడం ఎట్లా" అన్నది. ఇందులో ఆసక్తి అనే మాటకంటె "నిజమైన" అనే మాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఎందుకంటే అబద్ధపు ఆసక్తి అనేది ఒకటున్నది. అది మా బళ్ళలో కావలసినంత దొరుకుతుంది.

అది ఎట్లా ఉంటుందో చెప్తాను. మాస్టరు పాఠం ముగించి, సుద్దముక్క బల్లమీద పెట్టి, "సమఝ్ మేఁ ఆయా?" అని అడుగుతాడు. నలభై గొంతులు ఒక్కసారిగా "ఆయా సర్!" అంటాయి. నలభై తలలు ఊగుతాయి. వరండాలో పోతున్న హెడ్‌మాస్టరుగారికి ఆ శబ్దం వినసొంపుగా ఉంటుంది. తనిఖీకి వచ్చిన అధికారి "తరగతి చాలా చురుకుగా ఉన్నది" అని పుస్తకంలో రాసిపోతాడు. మరునాడు అదే పాఠంలోంచి ఒక్క పిల్లవాణ్ణి లేపి ఒక్క ప్రశ్న అడగండి. నేల చూపులు చూస్తాడు. మరి నిన్న "ఆయా" అన్నది అబద్ధమా? నేను అబద్ధమనను. అది మన ఇండ్లలో నేర్పిన మర్యాద. చుట్టాలింట్లో "ఇంకొంచెం వడ్డించనా" అంటే ఆకలి ఉన్నా వద్దంటాం చూడండి, ఇదీ అట్లాంటిదే. మాస్టరు సంతోషపడతాడు, గంట కొడతారు, ఎవ్వరి ఇజ్జత్తూ పోదు. పిల్లవాడు మాత్రం ఆకలితోనే ఇంటికి పోతాడు.

ఇంకొందరి దృష్టిలో నిశ్శబ్దంగా ఉన్న తరగతే మంచి తరగతి. "ఫలానా మాస్టరు క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది" అని గొప్పగా చెప్పుకొంటారు. పూర్వం పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు తండ్రి "గోష్త్ ఆప్ కా, హడ్డీ హమారీ" అని అప్పజెప్పి వెళ్ళేవాడు. మాంసం మీది, ఎముకలు మావి, ఎంత కొట్టినా సరే చదువు రావాలె అని అర్థం. ఇప్పటికీ ఆ మాట అనే తండ్రులు నాకు ఏటా ఇద్దరు ముగ్గురు తగులుతారు. వారికి నేను చెప్పేది ఒక్కటే. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొచ్చేటట్లు వేధించడాన్నీ నిషేధించింది. కావున మాంసమూ మీదే, ఎముకలూ మీవే, తీసుకొని వెళ్ళండి, పిల్లవాణ్ణి మాత్రం రేపు టైముకు పంపండి అంటాను.

బెత్తం పోయింది, మంచిదే. కానీ బెత్తం పోయినంత మాత్రాన భయం పోలేదు. బెత్తం కంటె పెద్ద భయం పక్క బెంచీవాడి నవ్వు. పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో దెబ్బ తినడానికి సిద్ధపడే పిల్లవాడు కూడా నలుగురిలో నవ్వులపాలు కావడానికి సిద్ధపడడు. ఆడపిల్లలైతే చెప్పనే అక్కరలేదు. వాళ్ళకు ఇంట్లో, వీధిలో, బడిలో మూడుచోట్లా "చుప్ బైఠో" అనే మాటే నేర్పాము. తీరా పదో తరగతికి వచ్చాక "ఈ పిల్లలు నోరు తెరవరేమిటి" అని మనమే ఆశ్చర్యపోతాము.

ఇక్కడ భాష సంగతి చెప్పుకోవాలె. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు దేశమంతా మన హైదరాబాదు వైపు చూసింది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య గరపడం ఆ రోజుల్లో చాలా అరుదు. దానికోసమే 1917లో దారుత్తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి, శాస్త్రాలన్నిటికీ ఉర్దూలో పుస్తకాలు తయారు చేశారు. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. మనిషి తన భాషలో బాగా ఆలోచిస్తాడన్నది దాని వెనుక ఉన్న సూత్రం. సూత్రం నూటికి నూరుపాళ్ళు సరైనది. కాని మా పిల్లల "తన భాష" ఏది? పుస్తకంలో ఉన్న అరబీ, ఫారసీ మాటల ఉర్దూ కాదు. మా పిల్లలది "నక్కో, హౌ, కైకు" అనే దక్ఖనీ. ఆకు ఆహారం తయారు చేసుకొనే పద్ధతిని మా పుస్తకంలో "జియాయీ తాలీఫ్" అంటారు. మా బడి పక్కన తెలుగు మీడియం వాళ్ళు "కిరణజన్య సంయోగక్రియ" అంటారు. ఇద్దరి పిల్లలూ సమానంగానే భయపడతారు. ఈ విషయంలో మనలో ఏ మతభేదమూ, భాషాభేదమూ లేదు.

ఒకనాడు ఆ పాఠం నడుస్తుండగా ఒక పిల్లవాడు లేచి, "పత్తా అప్నా ఖానా ఆపీచ్ పకాతా బోలే సర్, చూలా కాఁ హై?" అన్నాడు. ఆకు తన అన్నం తానే వండుకొంటుందంటిరి గదా, మరి పొయ్యి ఎక్కడున్నది అని. తరగతి అంతా గొల్లుమన్నది. నవ్వు తగ్గేదాకా ఆగి, ఆ ప్రశ్నను ఉన్నదున్నట్లుగా, దక్ఖనీలోనే, బోర్డు మీద రాశాను. ఎందుకంటే ఆ గంటలో పాఠం గురించి ఆలోచించినవాడు వాడొక్కడే. సూర్యుడే పొయ్యి, నీళ్ళు వేళ్ళలోంచి వస్తవి, గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆకు కిందివైపున్న సన్నని రంధ్రాలలోంచి పోతుంది అని చెప్తుండగానే ఒక ఆడపిల్ల నెమ్మదిగా, "అయితే సర్, రాత్రిపూట ఆకుకు రోజానా?" అన్నది. మనం పగలు ఉపవాసముంటే అది రాత్రి ఉంటుందా అని. ఈసారి ఎవరూ నవ్వలేదు. రాత్రి వంట లేకపోయినా పగలు దాచుకొన్నది వాడుకొంటుంది, ఊపిరి మాత్రం రాత్రింబవళ్ళు పీల్చుకొంటూనే ఉంటుంది అనే సంగతి ఆ ప్రశ్నలోంచే వచ్చింది. పుస్తకంలో అది తరువాతి పాఠం. పిల్లలు తమంతట తాము అక్కడికి నడిచిపోయారు. "జియాయీ తాలీఫ్" అనే పేరు చివరలో చెప్పాను. అప్పుడది భయపెట్టలేదు. మనిషితో స్నేహమైన తర్వాత పేరు కష్టమైనా గుర్తుంటుంది గదా!

2022-23 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బళ్ళలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఇంగ్లీషు రావాలె, అందులో వాదం లేదు. నా సొంత పిల్లలకూ నేర్పిస్తున్నాను. కాని పిల్లవాడు ప్రశ్న ఏ భాషలో అడిగినా దానిని ప్రశ్నగానే తీసుకోవాలె. ముందు వాక్యం దిద్దుకో, తర్వాత అడుగు అంటే వాడు రెండూ మానేస్తాడు.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త ఒకరు ఉండేవారు. 1970 ప్రాంతంలో ఆమె తరగతి గదుల మాటలను టేపు రికార్డర్లలో ఎక్కించి, గడియారం పెట్టి కొలిచింది. ఉపాధ్యాయుడు ప్రశ్న వేసిన తర్వాత జవాబు కోసం సగటున ఎంతసేపు ఆగుతాడని చూస్తే, సుమారు ఒక్క సెకను! ఆలోగా జవాబు రాకపోతే ఇంకొకర్ని అడుగుతాడు, లేకుంటే తానే చెప్పేస్తాడు. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవైనవి, ఊరకుండిపోయేవారు తగ్గారు, వెనుకబడ్డారనుకొన్న పిల్లలు కూడా మాట్లాడసాగారు, పిల్లలు అడిగే ప్రశ్నలు కూడా పెరిగినవి. దీనికి పైసా ఖర్చు లేదు. తరగతి గదిలో గోడకు పెద్ద తెర బిగించనక్కరలేదు. తెరలు వచ్చినవి, వాటివల్ల ప్రయోజనం లేదనను, కాని తెరను చూస్తూ కూడా తలలూపవచ్చు. నా పద్ధతి ఏమిటంటే, ప్రశ్న వేసి మనసులో పూర్తిగా ఒక బిస్మిల్లా చదువుకొంటాను. సరిగ్గా మూడు సెకన్లు పడుతుంది. ఆ మూడు సెకన్లు ఓర్చుకోవడం మాస్టర్లకు ఎంత కష్టమో మా స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు.

ఇప్పుడు ఒక తరగతి గురించి కొంచెం విపులంగా చెప్తాను.

కరోనా మూలంగా 2020లో బళ్ళు మూతబడినవి. పాఠాలు టీవీలో వచ్చేవి. ఒక్క గదిలో ఆరుగురుండే ఇంట్లో టీవీ ముందు కూర్చొని బీజగణితం నేర్చుకోవడం ఎట్లా ఉంటుందో ఇక్కడున్న తల్లులకు నేను చెప్పనక్కరలేదు. అదే సంవత్సరం అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన మనమెవరమూ మరవలేదు. పల్లె చెరువు కట్ట తెగి అల్ జుబైల్ కాలనీ మునిగింది. అదే వారంలో గుర్రం చెరువుకు గండి పడి హాఫిజ్ బాబానగర్ నీళ్ళపాలైంది. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బళ్ళు తెరిచారు. పిల్లలు మూతులకు గుడ్డలు కట్టుకొని, బెంచీకి ఒకరు చొప్పున, పరాయి ఇంట్లో కూర్చున్నట్లు కూర్చున్నారు. తొమ్మిదో తరగతికి నదులు, నీటి వనరుల పాఠం చెప్పాలె. పరీవాహక ప్రాంతం, ఉపనదులు, వరదలకు కారణాలు. కారణాలు నాలుగు పాయింట్లు, మార్కులు నాలుగు.

పుస్తకం మూసి, "ఆ రాత్రి నీళ్ళు మీ గల్లీలోకి ఏ దిక్కునుంచి వచ్చినవి?" అని అడిగాను. బిస్మిల్లా ఒకటి కాదు, మూడు చదివాను. మొదట ఒకడు "నాలాలోంచి" అన్నాడు. ఇంకొకడు "కాదు, చెరువులోంచి" అన్నాడు. ఒక అమ్మాయి "మా ఇంట్లో ముందు బావుర్చీఖానా నేలలోంచి పొంగింది, తర్వాత వాకిట్లోంచి వచ్చింది" అన్నది. వాదం పెరిగింది. సుద్దముక్క వాళ్ళ చేతికిచ్చి నేలమీద పటం గీయమన్నాను. ఫలక్‌నుమా ఎక్కడ, చాంద్రాయణగుట్ట ఎక్కడ, గుట్ట ఏ పక్కన, పల్లం ఏ పక్కన. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

మరునాడు పటం గోడకెక్కింది. అందులో ఒక చెరువునుంచి ఇంకొక చెరువుకు గీత గీశారు. ఒక చెరువు నిండితే నీళ్ళు పొర్లి కింది చెరువుకు పోయే దారి ఉంటుందని, ఆ దారిలో ఇండ్లు కడితే నీళ్ళు ఇండ్లలోంచే పోతవని వాళ్ళే కనుక్కొన్నారు. ఆ పొర్లే చోటుకు ఉర్దూలో పేరేమిటని నన్నడిగారు. మా తెలుగు పండితులుగారిని పిలిపించాను. ఆయన "అలుగు" అన్నారు. తర్వాత తూము, కట్ట, గండి, శిఖం అన్నీ చెప్పారు. తెలుగు పాఠంలో నిద్రపోయే పిల్లలు ఆ మాటలను ఉర్దూ లిపిలో రాసుకొన్నారు. "అలుగు పారింది" అనే వాక్యాన్ని మా పిల్లలు ఎప్పటికీ మరిచిపోరు. వాళ్ళ సామాన్లు ఆ అలుగులోనే కొట్టుకుపోయినవి.

అక్కడినుంచి 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకు పోవడం కష్టం కాలేదు. ఆనాడు కూడా ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగినవి. వేలమంది పోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది దాకా బతికారని ప్రతీతి. రుబాయీలు రాసిన అమ్జద్ హైదరాబాదీగారి తల్లి, భార్య, బిడ్డ ముగ్గురూ ఆ నీళ్ళలో కొట్టుకుపోయారు, ఆయన ఒక్కరే మిగిలారు. ఆయన పద్యాలు మా ఉర్దూ పాఠాలలో చదివిన పిల్లలు, అప్పటిదాకా పేరుగా ఉన్న మనిషిని ఆరోజు మనిషిగా చూశారు. తర్వాత విశ్వేశ్వరయ్యగారిని రప్పించడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి కావడం, ఇవన్నీ తేదీలుగా కాకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చిన పనులుగా అర్థమైనవి.

మన లాల్‌దర్వాజా పిల్లవాడొకడు పక్కింటి నానమ్మ దగ్గర విన్న కథ తెచ్చాడు. ఆ వరద సమయంలో మహబూబ్ అలీ పాషాగారు మహారాజా కిషన్ పర్షాద్‌గారి సలహామీద ఇక్కడి అమ్మవారి గుడికి వచ్చి కానుకలు సమర్పించారనీ, నీళ్ళు తగ్గినవనీ మన బస్తీలో చెప్పుకొంటారు. బోనాల రోజుల్లో మీరూ విని ఉంటారు. తరగతిలో ఒకరిద్దరు దానిని వెక్కిరించబోయారు. అక్కడ నేను గట్టిగానే ఆపాను. పొరుగువారి నమ్మకాన్ని నమ్మకం కింద రాసుకోండి, నీటి లెక్కను లెక్క కింద రాసుకోండి, పాలకుడు ప్రజల కష్టంలో వాళ్ళ గడపకు వచ్చాడని జనం చెప్పుకోవడాన్ని కూడా రాసుకోండి, అది చరిత్రకు పనికివస్తుంది అన్నాను. మూడు వరుసల పట్టిక తయారైంది. పరీక్షలో దీనికి మార్కులు లేవు.

ఆ తరగతిలో చివరి బెంచీలో ఒకడుండేవాడు. వారానికి మూడు రోజులొస్తే ఎక్కువ. మిగతా రోజులు మామూ బండ్ల రిపేరు దుకాణంలో ఉండేవాడు. వాడి గొంతు ఎట్లా ఉంటుందో మాస్టర్లెవరికీ తెలియదు. పటం గీసిన మూడోనాడు వాడు లేచి, "కట్ట తెగబోతుందని ముందే తెలిసే మార్గమున్నదా సర్?" అని అడిగాడు. జవాబు నా దగ్గర లేదు. వెతుకుదామన్నాను. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషిని బతిమాలి బడికి తీసుకొచ్చాము. ఆయన కుర్చీ వేసినా కూర్చోకుండా గంటసేపు చెప్పారు. కట్ట అవతలి వైపున ఊట ఉండటం మామూలే, ఊట నీళ్ళు తేటగా ఉంటే ఫరవాలేదు, బురదగా మారితే లోపల మట్టి కొట్టుకొస్తున్నట్లు, అదే ప్రమాదానికి గుర్తు అన్నారు. అలుగు చాలక నీళ్ళు కట్టమీదుగా పొర్లితే మట్టికట్ట ఎక్కువసేపు నిలవదని కూడా చెప్పారు. మా చివరి బెంచీవాడు, "ఇంజనులో ఆయిలు నల్లబడితే లోపల అరుగుతున్నట్లు, అట్లానా?" అన్నాడు. పెద్దాయన నావైపు తిరిగి, ఈ పిల్లవాడు ఎవరండీ అని అడిగారు.

ఆ తర్వాత వాడు వారానికి ఐదు రోజులు రాసాగాడు. 2022లో పదో తరగతి పరీక్ష రాశాడు, పాసైనాడు. గొప్ప మార్కులేమీ కావు. ఇప్పుడు ఐటీఐ పూర్తి చేసుకొన్నాడు. అదే తరగతిలో ఇద్దరు మధ్యలోనే మానేసి మళ్ళీ రాలేదు. ఇంటికి పోయి అడిగాను, కుదరదన్నారు. ఆసక్తి ఉంటే చాలు, అన్నీ సర్దుకొంటాయని నేను చెప్పను. ఇంట్లో సంపాదించేవాడు పోతే తొమ్మిదో తరగతి పాఠం ఎంత బాగున్నా పిల్లవాణ్ణి ఆపలేదు. కాని బడిలో తనకు పని ఏమీ లేదనుకొని మానేసేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు పేదరికంవల్ల పోయారని మనం రాసుకొంటాము. వాళ్ళను మనం ఆపగలం.

"మాస్టర్‌సాబ్, రెండు పీరియడ్ల పాఠానికి ఆరు పీరియడ్లు తీసుకొంటే సిలబసు ఎట్లా పూర్తవుతుంది" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అన్ని పాఠాలకూ ఇట్లా చేయడం కుదరదు. సమీకరణాలకు వరద ఎక్కడ దొరుకుతుంది? ఏడాదికి నాలుగైదు పాఠాలు ఇట్లా సాగితే చాలు. ఒకసారి ప్రశ్న అడగటం అలవాటైన తరగతికి మిగతా పాఠాలు తక్కువ సమయంలోనే పూర్తవుతవి. కంఠస్థం చేయడాన్ని నేను తప్పుపట్టను. మన ఇండ్లలో హాఫిజులు ఉన్నారు, జ్ఞాపకశక్తి ఎంత గొప్ప వరమో మనకు తెలుసు. ఎక్కాలు కంఠతా రావలసిందే. కాని రేఖాగణితంలో సిద్ధాంతాన్ని రట్టా వేసినవాడికి, త్రిభుజం పేరు ఏ-బీ-సీ బదులు పీ-క్యూ-ఆర్ అని ఇచ్చి చూడండి. సగం తరగతి కలం కింద పెట్టేస్తుంది.

లెక్కల విషయం వచ్చింది గనుక ఒకటి చెప్పి ముందుకు పోతాను. లాడ్‌బజారులో గాజుల సైజులు మన ఆడవాళ్ళందరికీ తెలుసు. దో చార్, దో ఛే, దో ఆఠ్, దో దస్. డబ్బామీద రెండు, చుక్క, నాలుగు అని రాస్తారు. దశాంశాల పాఠంలో రెండు పాయింట్ ఎనిమిది పెద్దదా, రెండు పాయింట్ పది పెద్దదా అని అడిగితే, లక్కగాజుల పని చేసే ఇంటి అమ్మాయి ఒకతె "పదే పెద్దది" అన్నది. తప్పని తరగతి అంతా అరిచింది. ఆ పిల్ల కూర్చోలేదు. "దుకాణంలో దో దస్ గాజు దో ఆఠ్ కంటె పెద్దదే, కావాలంటే తెచ్చి చూపిస్తా" అన్నది. తెచ్చింది కూడా. స్కేలు పెట్టి కొలిచారు. దో ఆఠ్ లోపలి అడ్డకొలత రెండున్నర అంగుళాలు. దో దస్ దానికంటె అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. అప్పుడు తెలిసిందేమంటే, దుకాణంలో చుక్క తర్వాత ఉన్నది పదో వంతులు కాదు, అంగుళానికి పదహారో వంతులు. దో చార్ అంటే రెండూ నాలుగు బై పదహారు, అనగా రెండుంబావు. బడి చుక్కది ఒక లెక్క, బజారు చుక్కది ఇంకొక లెక్క, రెండూ సరైనవే. భిన్నాలు, దశాంశాలు, వ్యాసం, చుట్టుకొలత అన్నీ ఆ నాలుగు గాజులలోనే దొరికినవి. ఆ అమ్మాయి "తప్పు" అని కూర్చొని ఉంటే ఇదంతా పోయేది.

చేతిపని ద్వారా చదువు అనే ఆలోచన కొత్తదేమీ కాదు. 1937లో గాంధీగారు తలపెట్టిన వార్ధా విద్యా పథకానికి కమిటీ అధ్యక్షులు డాక్టర్ జాకిర్ హుసేన్‌గారు. 1897లో మన హైదరాబాదులోనే పుట్టినవారు, 1967లో రాష్ట్రపతి అయినవారు. ఆలోచన చాలా మంచిది. కాని నా అభిప్రాయం ఏమిటంటే, చాలాచోట్ల తకిలీ మిగిలింది, ప్రశ్న మిగలలేదు. పిల్లలు నూలు వడికారు గాని నూలు గురించి అడగలేదు. ఇప్పుడు ప్రాజెక్టు పని అని వస్తున్నది, దానికీ అదే గతి పడుతున్నది. రంగు కాగితాల దుకాణంలో చేసిపెట్టిన ప్రాజెక్టు కొనుక్కొచ్చి ఇస్తున్నారు. తండ్రులు డబ్బులిస్తున్నారు, మాస్టర్లు మార్కులు వేస్తున్నారు. కొనడం మానండి. వంకరగా ఉన్నా పిల్లలు చేసిందే పంపండి.

తల్లులకు ఒక మనవి. "మాకు చదువు రాదు, మేమేం సాయం చేస్తాం" అంటారు. మీకు రాకపోవడమే మంచిది, నవ్వకండి! పిల్లను కూర్చోబెట్టి "ఈరోజు బడిలో చెప్పింది నాకు అర్థమయ్యేట్లు మన భాషలో చెప్పు" అనండి. చెప్పగలిగితే వచ్చినట్లు. చెప్పలేకపోతే, ఎక్కడ ఆగిందో అక్కడే మరునాడు మాస్టర్ని అడగమనండి. ఏ ట్యూషను మాస్టరూ ఇంత ఖచ్చితంగా పరీక్ష పెట్టలేడు. తండ్రులకు మనవి ఏమంటే, ప్రోగ్రెస్ కార్డు చూసినప్పుడు మాత్రమే పిల్లలతో చదువు గురించి మాట్లాడవద్దు. మాస్టర్ల సంగతి నేను మా స్టాఫ్‌రూములో మాట్లాడుకొంటాను, ఇక్కడ చెప్తే రేపు నాకు టీ దొరకదు.

సంఘం ఏటా పదో తరగతిలో ఎక్కువ మార్కులు వచ్చినవారికి బహుమతులిస్తున్నది. ఇవ్వవలసిందే. అయితే ఆ పిల్లలు ఎట్లాగూ చదువుకొంటారు. మనం చూడవలసింది తొమ్మిదో తరగతిలో వారానికి మూడు రోజులొచ్చేవాళ్ళను. లాల్‌దర్వాజా, శాలిబండ చుట్టుపట్ల బళ్ళలో అట్లాంటి పిల్లల పట్టిక మేము మాస్టర్లం తయారు చేసి ఇస్తాము. పేర్లు బయట చదవము, కార్యదర్శిగారి దగ్గరే ఉంటుంది. సంఘం కార్యాలయం పైన ఒక గది ఖాళీగా ఉన్నది. మగ్రిబ్ నమాజు తర్వాత ఇషా దాకా, వారానికి నాలుగు సాయంత్రాలు, ఆ గది తెరిచి ఉంచితే నేనూ, ఇంకొక ఇద్దరు ఉపాధ్యాయులూ వంతులవారీగా కూర్చొంటాము. ట్యూషను చెప్పము. పిల్లలు ఏమి అడిగితే దానిమీద పని చేస్తాము. ఆడపిల్లలకు అసర్ తర్వాత వేరే సమయం పెట్టాలె, దానికి ఒక ఉపాధ్యాయురాలు కావాలె, ఇంకా దొరకలేదు. ఒక నల్లబల్ల, రెండు లైట్లు, ఒక పాత అల్మారా అవసరం. అల్మారా ఇస్తామని ఒక సభ్యులు ఇప్పటికే మాట ఇచ్చారు. మీలో మెకానిక్కులు, దర్జీలు, ఎలక్ట్రీషియన్లు, గాజుల పనివారు, లెక్కలు రాసే గుమాస్తాలు ఉన్నారు. నెలకు ఒక్క సాయంత్రం వచ్చి, పిల్లలు అడిగే ప్రశ్నలకు మీ పని చూపిస్తూ జవాబు చెప్పగలవారు సభ ముగిసిన తర్వాత తలుపు దగ్గర ఉన్న పుస్తకంలో పేరు, వీలైన వారం రాసి వెళ్ళవలసిందిగా కోరుతున్నాను. గది తాళంచెవి కార్యదర్శిగారి దగ్గర ఉన్నది, మొదటి సాయంత్రం వచ్చే సోమవారం.